రోజంతా మేస్తోంది, అయినా డొక్క ఎండుతోంది: మాండరిన్ డ్రాగనెట్ సమస్యలు, పరిష్కారాలు

ఉప్పునీటి ట్యాంకులో మాండరిన్ డ్రాగనెట్ అనే చిన్న రంగుల చేపను పెంచేవాళ్లు నాతో తరచూ అనే మాట ఒకటుంది: "రోజంతా రాళ్ల మీద ఏరుకు తింటూనే ఉందండీ, తిండికేం లోటు లేదు." ఆరేడు వారాలు గడిచాక అదే మనిషి ఫోన్ చేసి, పొద్దున లేచేసరికి చేప చచ్చి పడి ఉందంటారు. ఏరుకోవడం వేరు, కడుపు నిండటం వేరు. గింజ దొరక్కపోయినా కోడి నేల గీరడం మానదు. మాండరిన్ కూడా అంతే. దీనికి రోగం భయం తక్కువ, ఆకలి భయం ఎక్కువ.

జపాన్ దక్షిణపు ర్యుక్యు దీవుల నుంచి ఫిలిప్పీన్స్, ఇండొనేషియా మీదుగా ఆస్ట్రేలియా దాకా, అలల తాకిడి తక్కువగా ఉండే పగడపు దిబ్బల్లో ఇది బతుకుతుంది. పేరు సింకిరోపస్ స్ప్లెండిడస్, పెరిగితే ఏడెనిమిది సెంటీమీటర్లు. దాని నీలం వెలుగు విరిగి కనిపించే నీలం కాదు, చర్మకణాల్లోనే ఉన్న నీలి వర్ణకం. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇది చాలా అరుదు. దాని దగ్గరి చుట్టం మచ్చల మాండరిన్‌కు కూడా కింద రాసినవన్నీ వర్తిస్తాయి.

లక్షణం: కడుపు లోపలికి పోయింది, తల వెనక ఎముక తేలింది

పక్క నుంచి చూస్తే మోసపోతాం. చేప గాజుకు ఎదురుగా తిరిగినప్పుడు ముందు నుంచి, వీలైతే పై నుంచి చూడండి. ఆరోగ్యంగా ఉన్నదాని కడుపు కాస్త గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, వీపు కండ నిండుగా ఉంటుంది. ఆకలితో ఉన్నదానికి ముందు డొక్క పీక్కుపోతుంది. తర్వాత తల వెనక గుంట పడి, పక్కన పొడవునా గీత గీసినట్టు కండ కుంగుతుంది. డొక్క దశలో పట్టుకుంటే కోలుకుంటుంది. వీపు కత్తి అంచులా మారాక కాపాడటం చాలా కష్టం.

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ట్యాంకులో పాడ్స్ అయిపోయాయి. పాడ్స్ అంటే కోపెపాడ్లు, రాళ్ల మీద పాకే నలుసంత జీవులు. సముద్రంలో మాండరిన్ ప్రధానంగా వీటినీ, చిన్న పురుగుల్నీ, చేప గుడ్లనూ తింటుంది. నోరు చిన్నది, ఒక్కసారి ఎక్కువ మింగి దాచుకునే అలవాటు లేదు. పగలంతా కొన్ని సెకన్లకో మారు ఏదో ఒకటి నోట పడాలి. అంటే రోజుకు వేలల్లో కావాలి.

నిర్ధారించుకోవడం తేలిక. లైట్లు ఆరిన గంటకు టార్చి వేసి గాజు మీద, రాళ్ల సందుల్లో చూడండి. తెల్లటి చుక్కలు ఉలిక్కిపడ్డట్టు జరుగుతుంటే పాడ్స్ ఉన్నట్టు. పది నిమిషాలు వెతికినా ఒకటి రెండే కనిపిస్తే మీ చేప పస్తులుంటోంది.

అవి ఎందుకు అయిపోయాయో కూడా తెలియాలి, లేకపోతే డబ్బు పోసి పాడ్స్ సీసాలు కొంటూనే ఉంటారు. ట్యాంకు పెట్టి ఆరు నెలలు కూడా కాకపోతే అవి కుదురుకోనే లేదు. ఏడాది నిండిన ట్యాంకు అయితే నాకు ధైర్యం. సిక్స్‌లైన్ లాంటి రాస్ చేప ఉంటే మాండరిన్ నోటి దగ్గరి కూడు అది కాజేస్తుంది, పైగా చురుకైనది. స్కూటర్ డ్రాగనెట్, పైప్‌ఫిష్ కూడా అదే తిండికి పోటీ. ఫిల్టర్ సాక్ (నీటిని వడగట్టే గుడ్డ సంచి) వాడేవాళ్లు నీళ్లలో తిరిగే పాడ్స్‌ను రోజూ వడకట్టి పారేస్తున్నారని గుర్తించరు. ట్యాంకు మరీ చిన్నదైతే ఇవేవీ లేకపోయినా సరిపోదు. 280 లీటర్లు, దాని నిండా బాగా పాతబడిన, అంటే నీళ్లలో ఉండి జీవం పట్టిన రాళ్లు అనేది అభిరుచి ఉన్నవాళ్లు చాలాకాలంగా పాటించే లెక్క. అంతకన్నా చిన్నదాంట్లో పెంచాలంటే రోజూ చేత్తో మేపే ఓపిక ఉండాలి.

రాళ్ల గురించి ఒక మాట. పగడాలకు మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉంది. సముద్రం నుంచి తీసిన పగడపు రాయి ఎవరు అమ్మజూపినా తీసుకోకండి. పొడి రాయి, సిరామిక్ రాయి కొంచెం ఆలస్యంగానైనా అంతే బాగా పాతబడతాయి.

పరిష్కారం రెండు వైపుల నుంచి చేయాలి. ఒకటి, పాడ్స్‌కు ఇల్లు. సంప్‌లో (ట్యాంకు కింద ఉండి, దాని నీళ్లు తిరిగే అదనపు తొట్టిలో) చేపలు చేరని అర ఒకటి వదిలి, కీటోమార్ఫా నాచు ముద్ద వేసి, ప్రధాన ట్యాంకు లైట్లు ఆరినప్పుడు దానికి లైటు వెలిగేలా పెట్టండి. సంప్ లేనివాళ్లు ట్యాంకు మూలలో చిన్న రాతి ముక్కలు కుప్పగా పోస్తే చాలు, మాండరిన్ నోరు చేరని ఆ సందుల్లో అవి పిల్లలు పెడతాయి. వాటికి మేతగా నానోక్లోరోప్సిస్ లాంటి ఫైటోప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మ నాచు) కొంచెం కొంచెంగా పోయాలి. రెండు, విత్తనం, అంటే కొని వదిలే పాడ్స్. టిస్బె రకం చిన్నది, రాళ్లలో దాక్కుంటుంది కాబట్టి నిలదొక్కుకుంటుంది. టిగ్రియోపస్ పెద్దది, ఎర్రగా ఉండి అందరి కళ్లలో పడుతుంది. అది ఈ పూట భోజనం, అంతే. ఏది వేసినా రాత్రి లైట్లు ఆర్పి, పంపులు ఆపి, రాళ్ల అడుగున వదలండి.

లక్షణం: కొన్న రోజే బక్కగా ఉంది

పట్టిన చోటి నుంచి దుకాణం దాకా వారాలపాటు తిండి లేకుండా ప్రయాణించిన చేప ఇది. పాడ్స్ పెరిగేదాకా ఆగే ఓపిక దాని ఒంట్లో ఉండదు. నేను మొదట తెచ్చిన మాండరిన్ అలాగే పోయింది. అది బక్కదని నాకు తెలుసు, నా ట్యాంకులో పాడ్స్ ఉన్నాయి కదా అని తెచ్చాను. దానికి అవి చాలవని అప్పుడు అర్థం కాలేదు.

ఇలాంటిదాన్ని పెద్ద ట్యాంకులోకి వదలకండి. ట్యాంకు లోపలే గోడకు తగిలించే సన్న వల పెట్టెలో రెండు వారాలు ఉంచి, అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిట్టి రొయ్య లాంటి జీవి) పిల్లలను రోజుకు మూడు నాలుగు సార్లు వేయండి. తిండి దట్టంగా ఉంటుంది, పోటీ ఉండదు.

ఆర్టీమియా గుడ్లు మనకు కొత్త సరుకు కాదు. భీమిలి, కాకినాడ, నెల్లూరు తీరాల రొయ్యల హేచరీలు రొయ్య పిల్లలను దీనితోనే పెంచుతాయి. లీటరు నీళ్లకు 25-30 గ్రాముల ఉప్పు, గ్రాము గుడ్లు, 28 డిగ్రీల వెచ్చదనం, పైన లైటు, అడుగు నుంచి గట్టిగా గాలి. ఇరవైనాలుగు గంటల్లో నారింజ రంగు పొడిలా పిల్లలు లేస్తాయి. గాలి ఆపి పది నిమిషాలు ఆగితే డొల్లలు పైకి తేలతాయి, పిల్లలు లైటు ఉన్న వైపు చేరతాయి. వాటిని సన్నపు ట్యూబుతో లాగి, గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి వేయాలి. డొల్లలు ట్యాంకులోకి రానివ్వకండి.

చాలామంది ఇక్కడే పొరబడతారు. పిల్ల ఆర్టీమియా ఒంట్లో గుడ్డు నుంచి వచ్చిన కొవ్వు కొన్ని గంటలే ఉంటుంది. పొద్దున పొదిగినదాన్ని సాయంత్రం వేస్తే చేప కడుపు నిండుతుంది కానీ ఒళ్లు పట్టదు. పొదిగిన వెంటనే వేయండి. లేదా అర రోజు ఆగి, వాటికి నోరు తెరుచుకున్నాక, ఫ్యాటీ ఆమ్లాలున్న ఎన్‌రిచ్‌మెంట్ ద్రవం తాగించి వేయండి.

లక్షణం: ఫ్రోజెన్ మేత వేస్తే ముఖం తిప్పుకుంటోంది

కదలనిది తిండి అని దానికి తెలియదు. వల పెట్టెలో బతికున్న ఆర్టీమియాను బాగా తింటున్నప్పుడు అందులోనే ఫ్రోజెన్ సైక్లాప్స్ (గడ్డకట్టించిన చిన్న కోపెపాడ్లు) లేదా చేప గుడ్లు చిటికెడు కలపండి. తినే ఊపులో అవీ నోట్లో పడతాయి. మెల్లగా పాళ్లు మార్చండి. కొన్ని చేపలు పది రోజుల్లో నేర్చుకుంటాయి, కొన్ని అసలు నేర్చుకోవు. నేర్చుకోనిదాన్ని పస్తు పెట్టి లొంగదీయాలని చూడకండి, అది లొంగదు, చచ్చిపోతుంది. హేచరీలో పుట్టి పెరిగిన మాండరిన్ దొరికితే అదే కొనండి, అది ఫ్రోజెన్‌కు అలవాటుపడి వస్తుంది.

లక్షణం: ఫ్రోజెన్ తింటుంది, కానీ మిగతా చేపలు దానికి మిగల్చవు

మెల్లగా తినే చేప ఇది, పరుగు పందెంలో నెగ్గదు. చిన్న జామ్ సీసాను అడ్డంగా ఇసుక మీద పెట్టి, అందులోకి సన్న గొట్టం దించి, పంపులు పావుగంట ఆపి, మేత సీసాలోకి వదలండి. మాండరిన్ నడుచుకుంటూ లోపలికి పోతుంది, పైన ఈదే చేపలు సాధారణంగా ఆ మూతిలోకి దూరవు. మిగతావాటికి ముందే వేరే మూల మేత వేస్తే ఇంకా మేలు.

బాగా తింటున్నా చిక్కిపోతుంటే

విసర్జన తెల్లగా దారంలా ఉందేమో చూడండి. కడుపులో పరాన్నజీవులు ఉండొచ్చు. చేపల గురించి తెలిసిన పశువైద్యుడిని అడిగి మేతలో మందు కలపాలి తప్ప నీళ్లలో తోచింది పోయకూడదు. ముఖ్యంగా రాగి మందులు వద్దు. మాండరిన్‌కు పొలుసులుండవు, రాగిని సరిగా తట్టుకోదు. అదే రాగి పాడ్స్‌నూ చంపుతుంది. తెల్ల మచ్చల రోగం దీనికి తక్కువ, ఒంటి మీది మందపాటి జిగురే కవచం. కానీ బొత్తిగా రాదనుకోవద్దు.

ఇంకా కొన్ని

రెండు చేపలు కొట్టుకుంటున్నాయంటే చాలావరకు రెండూ మగవే. వీపు మీది మొదటి రెక్కలో ముల్లు పొడవుగా జెండాలా లేస్తే మగ. ఒకదాన్ని తీసేయాలి, రాజీ కుదరదు. రాత్రిపూట రంగు వెలిసినట్టుంటే కంగారు పడకండి, నిద్రలో అలాగే ఉంటుంది; లైట్లు వెలిగాక తిరిగి వస్తుంది. చేప కనబడకుండా పోతే ముందు ట్యాంకు వెనక నేల చూడండి, పైన వల మూత లేకపోతే దూకుతుంది. ట్యాంకులో ఎనిమోన్ ఉంటే దాని చుట్టూ కూడా వెతకండి, మెల్లగా నడిచే ఈ చేప అందులో చిక్కిపోతుంది.

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో నీళ్లు 28 దాటి చేప వేగంగా ఊపిరి పీలుస్తుంటే నీటి మీదికి ఫ్యాన్ తిప్పండి. ఆవిరై పోయిన నీటికి బదులు ఉప్పు లేని ఆర్‌ఓ నీళ్లే పోయాలి, ఉప్పు గాఢత (స్పెసిఫిక్ గ్రావిటీ) 1.025 దగ్గర, వేడి 24 నుంచి 26 మధ్య నిలవాలి. కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో నడిచే గాలి పంపు చేతికందే చోట ఉండాలి.

ఇవన్నీ చేసి మూడు వారాలైనా డొక్క నిండకపోతే, పాతబడిన పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకు ఆ చేపను ఇచ్చేయండి. వీపు కండ ఇంకా మిగిలి ఉండగానే ఇవ్వండి.