డీబగ్గింగ్ నేర్చుకుందాం – 4వ భాగం: అసర్ట్ ఫెయిలైతే ఏం జరగాలి?

అసర్ట్‌లు ఎక్కడ పెట్టాలో పోయిన భాగంలో చూశాం (అసర్ట్ అంటే, కోడ్‌లో ఆ చోట ఫలానా షరతు తప్పక నిజం కావాలని మనం పెట్టుకునే చెక్). పెట్టిన అసర్ట్ ఫెయిలైతే ప్రోగ్రామ్ ఏం చేయాలన్నది ఈసారి పాఠం. నా మటుకు జవాబు ఒక్కటే: అక్కడికక్కడే ఆగిపోవాలి.

సీ భాషలో అసర్ట్ సరిగ్గా అదే చేస్తుంది. తప్పిన షరతు, ఫైలు పేరు, లైన్ నంబర్ (సీ99 నుంచి ఫంక్షన్ పేరు కూడా) ఎర్రర్ స్ట్రీమ్‌లో రాసి, ప్రోగ్రామ్‌ని ఉన్నపళంగా ఆపేసే అబార్ట్‌ని పిలుస్తుంది. ప్రోగ్రామ్‌ని మామూలుగా ముగించే ఎగ్జిట్‌ని ఎందుకు పిలవదు? ఎగ్జిట్ అయితే, ముందే ఎట్‌ఎగ్జిట్‌తో అప్పగించి ఉంచిన ఫంక్షన్లన్నీ నడుస్తాయి. మెమరీలో ఉన్న డేటా తప్పని ఇప్పుడే తేలింది కదా, దాన్నే అవి తీసుకెళ్లి డిస్క్ మీద రాస్తే? బాగున్న ఫైలు కూడా పాడవుతుంది. అబార్ట్ వాటి జోలికి పోదు. పైగా కోర్ డంప్ (ఆగిన క్షణంలో ప్రోగ్రామ్ మెమరీని ఫైలుగా దాచడం) ఆన్‌లో ఉంటే, ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో, ఏ వేరియబుల్‌లో ఏముందో అంతా అలాగే దొరుకుతుంది.

లాగ్‌లో ఒక లైను రాసేసి ముందుకు పోయే అసర్ట్‌లు కూడా కొందరు రాస్తారు. దయచేసి ఆ పని చేయకండి. తప్పుడు విలువ నాలుగు ఫంక్షన్లు దాటాక ఎక్కడో క్రాష్ అవుతుంది, మీరేమో ఆ చివరి ఫంక్షన్‌లో తప్పు వెతుకుతూ కూర్చుంటారు. పైథాన్‌లో ఇది మనకు తెలియకుండానే జరగొచ్చు. అసర్షన్‌ఎర్రర్ కూడా ఎక్సెప్షన్ కిందికే వస్తుంది కాబట్టి, పైన ఎవరైనా అన్ని ఎక్సెప్షన్లనీ పట్టేసే కోడ్ రాసి ఉంటే మన అసర్ట్ చప్పుడు లేకుండా మాయమైపోతుంది.

ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోండి. ఫైలు లేకపోవడం, యూజర్ తప్పు టైప్ చేయడం, నెట్‌వర్క్ పోవడం మన బగ్‌లు కావు. వాటికి మామూలు ఎర్రర్ హ్యాండ్లింగే రాయాలి.

ఇక రిలీజ్ బిల్డ్, అంటే యూజర్లకు ఇచ్చే వెర్షన్. సీలో ఎన్‌డీబగ్ మాక్రో ఉంటే అసర్ట్ బ్రాకెట్ల లోపల రాసిందంతా ఎగిరిపోతుంది. అక్కడ ఫైలు మూసే పనో, కౌంటర్ పెంచే పనో పెట్టారంటే అదీ పోతుంది. పైథాన్‌లో మైనస్ క్యాపిటల్ ఓ ఆప్షన్‌తోనూ ఇదే సంగతి. జావాలో అసర్ట్‌లు మామూలుగా పనిచేయవు, మైనస్ ఈఏ ఇచ్చి ఆన్ చేసుకోవాలి. రస్ట్ పద్ధతి నాకు బాగా నచ్చింది: మామూలు అసర్ట్ రిలీజ్‌లోనూ ఉంటుంది, ఖరీదైన చెక్‌ల కోసం డీబగ్ అసర్ట్ వేరేగా ఉంది.

అభ్యాసం: పొడవును తీసుకునే చిన్న సీ ఫంక్షన్ రాయండి. పొడవు సున్నా కంటే ఎక్కువని అసర్ట్ పెట్టి, మైనస్ విలువతో పిలవండి. లినక్స్‌లో నడిపితే షెల్‌కి వచ్చే ఎగ్జిట్ స్టేటస్ 134, అంటే 128కి అబార్ట్ సిగ్నల్ నంబర్ 6 కలిపితే వచ్చేది. తర్వాత జీడీబీ అనే డీబగ్గర్‌లో నడపండి. ఆగగానే పైన కనిపించే ఫ్రేములు (పిలుపుల వరుసలో ఒక్కో ఫంక్షన్‌కి ఒక్కోటి) లైబ్రరీవి. అప్ కొడుతూ మీ ఫంక్షన్ దాకా వచ్చి పొడవు విలువ ప్రింట్ చేయండి. చివరగా ఎన్‌డీబగ్‌తో మళ్లీ కంపైల్ చేసి, అదే మైనస్ విలువ ఎంత దూరం పోతుందో చూడండి.