సూపర్‌హీరోల బృందానికి సముద్ర రాక్షసి ఎదురైతే: కామిక్స్ కథ అల్లే పద్ధతి

సముద్రంలోంచి ఒక రాక్షసి లేస్తుంది, నలుగురైదుగురు సూపర్‌హీరోలు కలిసి దాన్ని ఎదుర్కొంటారు. ఈ ఒక్క ఊహతో కామిక్స్ కథ రాయడానికి కూర్చునే కొత్త రచయితలు చాలామంది ముందుగా వీరుల పేర్లు, దుస్తుల రంగులు, శక్తుల పట్టిక రాసుకుంటారు. రాక్షసి వంతు వచ్చేసరికి చాలా పెద్దది, కోరలుంటాయి, ఓడలను ముంచుతుంది అని ఒక్క వరుసలో తేల్చేస్తారు. ఇలా మొదలైన కథ పది పేజీలు దాటేసరికి నీరసపడిపోవడం నేను చాలాసార్లు చూశాను. పెద్దదిగా ఉండడం తప్ప మరో గుణం లేని శత్రువును గెలవడానికి ఇంకా గట్టిగా కొట్టడం తప్ప మరో దారి ఉండదు. అందుచేత రాక్షసితోనే మొదలుపెట్టండి. దాని ఒళ్ళు ఎలా పనిచేస్తుందో మీకు తెలిస్తే, అది దాడి చేసే తీరు, దాని ముందు ఎవరి శక్తి చెల్లదు, చివరికి అది దేనికి లొంగుతుంది అన్నవన్నీ ఒకదాని వెంట ఒకటి తేలుతూ వస్తాయి.

ఈ తరహా కథలకు గట్టి ఒరవడి పెట్టినది అమెరికాలో డీసీ సంస్థ 1960లో ప్రచురించిన ‘ది బ్రేవ్ అండ్ ది బోల్డ్’ 28వ సంచిక. ‘జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా’ అనే బృందం పాఠకుల ముందుకు తొలిసారి వచ్చింది ఇందులోనే. గార్డ్‌నర్ ఫాక్స్ కథ రాశారు, మైక్ సెకోస్కీ బొమ్మలు గీశారు, జూలియస్ ష్వార్ట్జ్ సంపాదకత్వం వహించారు. అంతమంది వీరులకు తొలి శత్రువుగా వాళ్ళు ఎంచుకున్నది తిమింగలాన్నో మహాసర్పాన్నో కాక, ‘స్టారో’ అనే ఒంటికన్ను నక్షత్ర చేపను. అది అంతరిక్షం నుంచి వచ్చి సముద్రంలో దిగి, అక్కడి మామూలు నక్షత్ర చేపల్లో మూడింటికి తన శక్తినిచ్చి, మనుషుల మీదికి పంపుతుంది.

నక్షత్ర చేపలో అంత భయపడవలసినది ఏముందో నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. భీమిలి దగ్గర వలలోంచి చేపలు ఏరుకుంటున్నవాళ్ళు పనికిరాదని ఇసుకలోకి విసిరేసిన ఒక నక్షత్ర చేపను అరచేతిలో వెల్లకిలా పెట్టుకుని చూశాను. ఐదు చేతుల అడుగునా మధ్య గాడి వెంబడి సన్నని గొట్టాల్లాంటి కాళ్ళు బారులు తీరి, దేనికది విడివిడిగా, గాలిలో ఆసరా కోసం తడుముకుంటున్నాయి. కాసేపటికి ఒక చేతి కొస మెలితిరిగి నా వేలిని ఆనుకుంది, ఆ తర్వాత పక్క చేయి వంగింది, చూస్తుండగానే ఒళ్ళంతా మెల్లగా బోర్లా తిరిగింది. ఆ జీవికి మెదడు లేదు. నోటి చుట్టూ ఒక నాడీ వలయం, దాన్నుంచి ఒక్కో చేతిలోకి ఒక్కో నాడి, అంతే. ఆ గొట్టపు కాళ్ళను నడిపేది లోపల పారే నీటి ఒత్తిడి. ఆదేశం ఇచ్చే తల ఎక్కడా కనిపించకుండానే పని జరిగిపోతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. దాన్ని తిరిగి నీళ్ళలో వదిలేశాను గానీ, ఆ జలదరింపు మాత్రం నాతోనే ఉండిపోయింది. మీ పాఠకుడికి కలగవలసినది సరిగ్గా అదే.

కాబట్టి మొదటి పని, నిజంగా సముద్రంలో ఉండే ఒక జీవిని ఎంచుకుని, దాని గురించి కనీసం ఒక పేజీ నిండా నోట్సు రాసుకోవడం. అది ఏం తింటుంది, ఎలా తింటుంది, దేనికి గాయపడుతుంది, గాయపడితే ఏం చేస్తుంది అన్నవి తప్పక ఉండాలి. నక్షత్ర చేపనే తీసుకుంటే, అది ముత్యపు చిప్ప లాంటి రెండు పెంకుల జీవిని చేతులతో బిగించి, పెంకుల మధ్య సన్నని సందు ఏర్పడగానే తన కడుపునే నోట్లోంచి బయటికి తోసి ఆ సందులోకి జొనిపి, ఆహారాన్ని దాని ఇంట్లోనే జీర్ణం చేసుకుంటుంది. చేయి తెగితే మళ్ళీ మొలుస్తుంది. కొన్ని జాతుల్లోనైతే, మధ్య బిళ్ళలో కొంత ముక్క అంటుకుని ఉన్న ఒక్క చేయి మళ్ళీ పూర్తి జీవిగా ఎదుగుతుంది. ఈ రెండు సంగతులు చాలు, కథ సగం నడిచినట్టే. తలుపులు మూసుకుని కూర్చున్న ఊరు ఇక క్షేమం కాదు. కత్తి పట్టిన వీరుడు నరికిన కొద్దీ శత్రువులు పెరుగుతారు గనుక, బృందంలో అందరికంటే పరాక్రమవంతుడే తెలియక అందరికంటే ఎక్కువ చేటు చేస్తాడు.

రెండో పని, దాని పతనాన్ని కూడా ఆ ఒంట్లోంచే తీయడం. 1960 నాటి కథలో స్టారో వశం చేసుకోలేకపోయిన ఒకే ఒక్క మనిషి స్నాపర్ కార్ అనే యువకుడు. ఇంటి ముందు పచ్చికకు సున్నం చల్లుతున్నప్పుడు ఒంటికి అంటిన ఆ సున్నమే అతన్ని కాపాడిందని వీరులు గ్రహించి, చివరకు స్టారోను సున్నంతోనే కప్పి కదలకుండా చేస్తారు. ఇది గాలిలోంచి పుట్టించిన ఉపాయం అనిపించవచ్చు. కానీ అమెరికా ఈశాన్య తీరంలోని లాంగ్ ఐలాండ్ సౌండ్‌లో ఆయిస్టర్ చిప్పలు పెంచేవాళ్ళు తమ పంటను తినేసే నక్షత్ర చేపల మీద నిజంగానే పొడి సున్నం చల్లేవారు. ఆ పొడి వాటి మెత్తని పైచర్మం మీద పడి పుండ్లు చేసి చంపుతుంది. అద్భుత కథలో ఇటువంటి ఒక్క నిజం ఉంటే, మిగతా అద్భుతాలన్నిటినీ పాఠకుడు సంతోషంగా ఒప్పుకుంటాడు.

ఈ సూత్రం మనకు కొత్తది కాదు. సుందరకాండ మొదటి సర్గలోనే హనుమంతుడికి సముద్రంలో సింహిక ఎదురవుతుంది. ఆమె బలం నీడను పట్టి లాగడం, ఆకలి కొద్దీ నోరు తెరవడం. హనుమంతుడు ఒళ్ళు పెంచగానే ఆమె నోరు అంతకంతకూ పెద్దదవుతుంది, అప్పుడు లోపలి మర్మస్థానాలు కంటబడతాయి, అతడు చిన్నవాడై లోపలికి దూరి వాటిని చీలుస్తాడు. ఆమె బలమే ఆమె మీదికి తిరిగింది, అందుకే ఆ ఘట్టం కొద్ది శ్లోకాల్లోనే ముగిసినా మనసులోంచి పోదని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు బృందం సంగతి. ఒక్కో వీరుడి గురించి రెండేసి వాక్యాలు రాయండి. ఇతను లేకపోతే కథ ఎక్కడ ఆగిపోతుంది అన్నది మొదటి వాక్యం, ఇతని శక్తి ఎక్కడ చెల్లదు అన్నది రెండోది. ఎవరి విషయంలోనైనా రెండో వాక్యం రాయలేకపోతే, అతను మిగతావాళ్ళను నిలబెట్టి తానొక్కడే పని ముగించేస్తాడు. జస్టిస్ లీగ్ తొలి కథలో సూపర్‌మాన్, బ్యాట్‌మాన్ సభ్యులే అయినా వాళ్ళకు దక్కిన చోటు బహుస్వల్పం, ముఖచిత్రం మీద మిగతా ఐదుగురే ఉన్నారు. బరువంతా ఆ ఐదుగురి మీద పడ్డందువల్లే ఎవరి పని వారిదిగా కనిపిస్తుంది. ఫాక్స్ మరో పని కూడా చేశారు. సముద్ర జీవులతో మాట్లాడగల ఆక్వామాన్ ద్వారా ముందు కబురు తెప్పించి, తర్వాత బృందాన్ని విడదీశారు. గ్రీన్ లాంతర్ అణుబాంబు ఉన్న విమానం దగ్గరికి, వండర్ ఉమన్, మార్షియన్ మాన్‌హంటర్ ఇద్దరూ శాస్త్రవేత్తలు చిక్కుకున్న భవనం దగ్గరికి, ఫ్లాష్ హ్యాపీ హార్బర్ అనే ఊరికి వెళతారు. అందరూ మళ్ళీ కలిసేసరికి ఒక్కొక్కరికీ శత్రువు గురించి ఒక్కో ముక్క తెలిసి ఉంటుంది. విడదీసి మళ్ళీ కలపడం పాత పద్ధతే గానీ, ఐదుగురిని పేజీలో ఒకే బొమ్మ గడిలో కుక్కి అందరి చేతా ఒకేసారి గుద్దించడం కంటే ఎంతో మేలు.

రాక్షసి ఎందుకు వచ్చింది అన్నదానికి ఆకలి ఒక్కటే జవాబైతే కథ కొంత తేలిపోతుంది. 1962లో వచ్చిన ‘ఫెంటాస్టిక్ ఫోర్’ నాలుగో సంచికలో రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు జాక్ కర్బీ ఈ లోటు రానివ్వలేదు. గతం మరచిపోయి న్యూయార్క్‌లో దిక్కులేనివాడిలా బతుకుతున్న సముద్ర రాజు నేమోర్‌కు జ్ఞాపకం తిరిగివస్తుంది. ఇంటికి వెళితే అణు పరీక్షల వల్ల తన రాజ్యం పాడుబడి ఉంటుంది. ఆ కోపంతో అతడు కొమ్ము ఊది, ‘జైగాంటో’ అనే బ్రహ్మాండమైన జలచరాన్ని నగరం మీదికి లేపుతాడు. ఫెంటాస్టిక్ ఫోర్ అనే నలుగురి బృందంలోని థింగ్ అనే వీరుడు వీపుకు బాంబు కట్టుకుని దాని నోట్లోంచి లోపలికి నడిచి వెళతాడు. పాఠకుడు ఆ నడకను ఊపిరి బిగబట్టి చూస్తాడు, అయినా నేమోర్ కోపం అన్యాయమని అనలేడు. మీ కథలో కూడా సముద్రానికి ఒక ఫిర్యాదు ఉండనివ్వండి. దానికి జవాబు చెప్పవలసిన మనుషులు తీరం మీద ఉండాలి.

కథను మన తీరానికి తేవాలనుకునేవారికి, పైన చెప్పినదంతా ఎలా అమర్చవచ్చో ఒక నమూనా చూపిస్తాను. నక్షత్ర చేపల కుటుంబం మొత్తంలో మంచినీటిలో బతికే జాతి ఒక్కటీ లేదు. నీటిలో ఉప్పు తగ్గితే బయటి నీరు ఒంట్లోకి చొరబడుతుంది, దాన్ని ఆపే అవయవాలు వాటికి లేవు. అంటే మన రాక్షసికి విరుగుడు గోదావరే. అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట కథను నిలపండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం ఉంటుంది కనుక, ఆ 61 రోజులూ అది ఎవరి కంటా పడకుండా ఎదగవచ్చు. నిషేధం ముగిసిన రాత్రి వేటకు వెళ్ళిన తొలి బోటుకు అది తగులుతుంది. కానీ జూన్‌లో నదిలో నీళ్ళు చాలవు, వరద సాధారణంగా జులై, ఆగస్టు నెలల్లో వస్తుంది. అన్ని వారాలు దాన్ని నదీముఖం దగ్గరే నిలిపి ఉంచడం బృందం పని, నరకకుండా నిలపడం అందులోని కష్టం.

వరద వచ్చాక కథకు గడియారం దానంతటదే దొరుకుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. మొదటి హెచ్చరికకు రాక్షసి తడబడాలి, రెండోదానికి చేతులు ముడుచుకోవాలి, మూడోది దాటితే గానీ చావకూడదు. అయితే ఆ స్థాయి వరదకు కోనసీమ లంక గ్రామాలు నీట మునుగుతాయి. వీరుల ఆఖరి పోరాటం రాక్షసితో కాక, పడవల మీద ముసలివాళ్ళను, పశువులను గట్టుకు చేర్చడంలో సాగాలి. పెద్ద పెద్ద బరువులు ఎత్తగల వీరుడికి గేదెల మంద ముందు నిలబడితే తన బలం ఎందుకూ కొరగాదని తెలియాలి. దాన్ని తోలడం తెలిసినది లంకలో పదేళ్ళ పిల్లకే.

ఇక పేజీ కట్టడం గురించి. రాక్షసి పూర్తి రూపాన్ని పేజీ తిప్పగానే కనిపించే ఎడమ పేజీలోనే పెట్టండి, కుడి పేజీలో పెడితే పాఠకుడి కన్ను ముందే అక్కడికి వెళ్ళిపోతుంది. అంతకు ముందు పేజీ చివరి గడి వీలైనంత మామూలుగా ఉండాలి. బోటు మీద వల లాగుతున్న కుర్రాడు ‘మావా, వల బరువుగా ఉంది, కదలట్లేదు’ అంటాడు, సరంగు అటు తిరగకుండానే ‘రాయి తగిలుంటుంది, లాగరా అబ్బాయ్’ అంటాడు. ఇంతకు మించి మాటలు వద్దు. పేజీ తిప్పాక ఒక్క అక్షరం కూడా ఉండకూడదు. పరిమాణం తెలియాలంటే పాఠకుడు చేత్తో ముట్టుకుని ఎరిగిన వస్తువును పక్కన గీయండి. కొండంత జీవి అని రాసిన దానికంటే, ఒక్క గొట్టపు కాలి కింద నలిగిన బోటు చుక్కాని ఎక్కువ చెబుతుంది. రంగుల విషయంలో మీ చిత్రకారుడి మాట వినండి, వరద గోదావరి ఎర్రమట్టి రంగు సముద్రపు నీలంలో కలిసే గీత ఒక్కటి మాత్రం ప్రతి సముద్ర దృశ్యంలో కనిపించేలా అడగండి. ఆ గీత ముందుకు జరిగిన కొద్దీ మనవాళ్ళు గెలుస్తున్నారని మాట అవసరం లేకుండా తెలుస్తుంది.

చివరి పేజీలో విజయోత్సవం పెట్టవద్దు. నీళ్ళు తీశాక లంకలో అరుగుల మీద మేట వేసిన ఒండ్రును పారతో ఎత్తిపోస్తున్న వీరులను గీయండి, దుస్తుల రంగులు మట్టిలో ఆనవాలు పట్టనంతగా మాసి ఉండాలి. ఒక మూల ఆ పదేళ్ళ పిల్ల తన గేదెను కడుగుతూ ఉంటుంది. రేవు దగ్గర సరంగు చిరిగిన వలను ఒళ్ళో వేసుకుని అల్లుకుంటూ ఉంటాడు, ఆ వల కన్నుల్లో ఒకదానికి బొటనవేలంత నక్షత్ర చేప చేయి ఒకటి చిక్కుకుని ఉంటుంది. దాన్ని అతను చూశాడో లేదో గడిలో తేల్చకండి.