బోర్డు మీద రెడ్‌క్రాస్ గుర్తు: అనుమతి ఎవరికి, దరఖాస్తు ఎలా?

మందుల దుకాణం బోర్డు, డాక్టరుగారి కారు అద్దం, ఫస్ట్ ఎయిడ్ పెట్టె మూత... తెల్లని నేపథ్యం మీద ఎర్రని శిలువ ఎక్కడ చూసినా కనిపించడంతో అది వైద్యానికి గుర్తు అనుకుంటాం. కాదు. యుద్ధంలో గాయపడినవారి కోసం వెళ్లే మనిషిని, బండిని, గుడారాన్ని ‘కాల్చవద్దు’ అని చెప్పే గుర్తు అది. స్విట్జర్లాండ్ జెండా రంగులను తారుమారు చేసి, 1864 నాటి జెనీవా ఒప్పందంలో దీన్ని స్వీకరించారు. ప్రతి గోడ మీదా ఉంటే, ప్రాణం కాపాడాల్సిన చోట దాన్ని నమ్మేవారెవరు?

మన దేశంలో దీనికి రక్షణ 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం. దాని 12వ సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆమోదం లేకుండా ఈ గుర్తును గానీ, ‘రెడ్‌క్రాస్’, ‘జెనీవా క్రాస్’ అనే పేర్లను గానీ ఎవరూ ఏ పనికీ వాడకూడదు. ఎర్ర నెలవంకకూ ఇదే నియమం. చూడగానే వాటిలాగే అనిపించే బొమ్మలూ నిషిద్ధమే కాబట్టి, శిలువ అంచులు కాస్త గుండ్రంగా చెక్కినంత మాత్రాన తప్పించుకోలేరు. 13వ సెక్షన్ కింద జరిమానా 500 రూపాయల వరకే, కానీ గుర్తు వేసిన సరుకును కూడా ప్రభుత్వం జప్తు చేయవచ్చు.

డ్రగ్ లైసెన్సు ఉన్నా, క్లినిక్ రిజిస్ట్రేషన్ ఉన్నా ఈ గుర్తు మీద హక్కు రాదు. శాంతికాలంలో బయటివారికి 1949 నాటి మొదటి జెనీవా ఒప్పందం 44వ అధికరణం తెరిచిన తలుపు చాలా చిన్నది: అంబులెన్సులు, గాయపడినవారికీ రోగులకూ పూర్తి ఉచితంగా చికిత్స చేసే సహాయ కేంద్రాలు. అదీ జాతీయ రెడ్‌క్రాస్ సొసైటీ స్పష్టమైన అనుమతితో, దేశ చట్టానికి లోబడి. ఫీజు తీసుకునే క్లినిక్ అడగడంలో అర్థం లేదు.

మీ సేవ ఈ కోవలోకి వస్తే, ఇండియన్ రెడ్‌క్రాస్ సొసైటీ జిల్లా శాఖ దగ్గర మొదలుపెట్టడం మేలు. తెలుగు రాష్ట్రాల్లో జిల్లా శాఖకు అధ్యక్షులు కలెక్టరే. సంస్థ లెటర్‌హెడ్ మీద రాసే దరఖాస్తులో సేవ ఎవరికి అందుతుంది, ఉచితమని చూపే ఆధారం ఏమిటి, గుర్తు ఎక్కడ, ఎంత కొలతలో, ఎంతకాలం ఉంటుందో చెప్పండి. రిజిస్ట్రేషన్ పత్రం నకలు, వాహనమైతే ఆర్‌సీ నకలు, గుర్తు వేయబోయే చోటు ఫొటో జతచేయండి. శాఖవారు నోటిమాటగా సరే అన్నంత మాత్రాన సరిపోదు. చట్టం అడిగేది కేంద్రం ఆమోదం. అది కాగితం మీద చేతికి అందేదాకా పెయింటరును పిలవవద్దు.

దుర్వినియోగం కనిపిస్తే మీరే నేరుగా కోర్టుకు వెళ్లలేరు. ప్రభుత్వం గానీ, అది నియమించిన అధికారి గానీ ఫిర్యాదు చేస్తేనే కోర్టు కేసును స్వీకరిస్తుందని 17వ సెక్షన్ చెబుతోంది. అందుకే ఫొటో, చిరునామా, తేదీ రాసి కలెక్టరు కార్యాలయానికి ఇవ్వండి, రశీదు తీసుకోండి. అయితే ముందు యజమానితో ఒక్కసారి మాట్లాడండి. చాలామందికి నిజంగానే తెలియదు.

మా వీధి మందుల దుకాణదారు లైసెన్సుతో పాటు ఆ గుర్తు తప్పనిసరి అనుకున్నారు. విషయం చెప్పిన వారానికి పెయింటరును పిలిపించారు. ఫస్ట్ ఎయిడ్‌కు అంతర్జాతీయ గుర్తు ఆకుపచ్చ మీద తెల్ల శిలువ. మందుల దుకాణాలకు చాలా దేశాల్లో ఆకుపచ్చ శిలువే వాడుక. పెయింటరు నిచ్చెన మీద నిలబడి ఎర్ర శిలువ మీద ఆకుపచ్చ పూశాడు. ఆరాక అడుగు నుంచి ఎరుపు తొంగిచూస్తోందని దుకాణదారే గమనించి, రెండో పూత వేయించారు.