చెల్టెన్‌హామ్ గోల్డ్ కప్ రోజు గుర్రాలను అంచనా వేసే ముందు

మార్చి వచ్చేసింది, ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్‌లో గుర్రాలు కంచెలు దూకే గోల్డ్ కప్ రేసు దగ్గరపడింది. మలక్‌పేటలో చదును రేసులు చూసిన కన్నుతో చెల్టెన్‌హామ్ కంచెల రేసులను చదవకండి.

రేసులో దిగే గుర్రాల తుది జాబితా వచ్చేదాకా ఆగండి. ఒకే గుర్రాన్ని రెండు మూడు రేసులకు నమోదు చేసి ఒక్కదానిలోనే దింపుతారు. ముందే పందెం కాస్తే, గుర్రం దిగకపోయినా డబ్బు సాధారణంగా వెనక్కి రాదు.

ఉదయం నేల తడి మళ్లీ చూడండి. గట్టి నేల మీద దూసుకుపోయే గుర్రం బురదలో ఈడ్చుకుపోతుంది.

గుర్రం పేరు పక్కన గత రేసుల ఫలితాలు చెప్పే అంకెల మధ్య ఉన్న అక్షరాలు చదవండి. ఎఫ్ అంటే పడింది, యు అంటే జాకీ కిందపడ్డాడు, పి అంటే మధ్యలో ఆపేశారు. బి మాత్రం వేరే గుర్రం వల్ల కూలినది. పాపం, దాని తప్పు లేదు, లెక్కలోంచి తీసేయకండి. ఎఫ్ ఉంటే వీడియో చూడండి. అలసటతో పడిందా, దూకడమే సరిగా రాదా అన్నది అక్కడే తెలుస్తుంది.

గోల్డ్ కప్‌కు ఓపిక ముఖ్యం. సుమారు 3 మైళ్ల 2½ ఫర్లాంగులు, 22 కంచెలు, ఆఖర్న ఎత్తు ఎక్కాలి. 2 మైళ్ల వేగం చాలదు.

ఆడ గుర్రాలకు మోయాల్సిన బరువులో 7 పౌండ్ల తగ్గింపు ఉంటుంది, లెక్కలో వేసుకోండి.