బుల్లెట్‌ని పికప్‌లో వైజాగ్ చేర్చిన తీరు

హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి ఇల్లు మారుతూ సామాన్లతో పాటు బుల్లెట్‌నీ బొలెరో పికప్‌లో ఎక్కించాం. సైడ్ స్టాండ్ వేసి, హ్యాండిల్‌కి నైలాన్ తాడు కట్టి వదిలేశాం. సూర్యాపేటలో టీకి ఆగి చూస్తే బండి బీరువా మీదికి వాలిపోయి ఉంది. అద్దం పోయింది. గతుకు వచ్చినప్పుడల్లా బండి ముందు షాకులు (షాక్ అబ్జార్బర్లు) అణుగుతాయి, తాడు వదులవుతుంది. అదీ సంగతి.

అక్కడే లారీ సామాన్ల షాపులో నాలుగు రాట్చెట్ బెల్టులు (పిడి ఆడిస్తే క్లిక్కు క్లిక్కుకీ బిగుసుకునే పట్టీలు) కొన్నాం. స్టాండ్ తీసేసి, ముందు చక్రాన్ని క్యాబిన్ గోడకి ఆనించాం, మధ్యలో పాత టైరు. రెండు బెల్టులు హ్యాండిల్ చివర్లకి కాకుండా కింద ఫోర్కులని (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) కలిపే అడ్డపట్టీకి వేసి, షాకులు సగం అణిగేదాకా చెరో మూలకి లాగాం. మిగతా రెండూ వెనక చక్రానికి. ట్యాంకుకి బెల్టు రాసుకునే చోట అమ్మ పాత చీర ముక్క. (చీర ఇవ్వడానికి ఆవిడ పెట్టిన పేచీ వేరే కథ.)

విజయవాడలో చూస్తే ఒక్క బెల్టే కాస్త వదులైంది. రెండు క్లిక్కులు బిగించాం, అంతే.