నీటిరంగుల్లో మన ప్రయాణాలు – 7వ పాఠం: కట్టమీదికొచ్చిన కొండ

పోయినసారి ఇంటిల్లిపాదీ పోయొచ్చిన వరంగల్ జిల్లా పాకాల చెరువును గుర్తు తెచ్చుకుని వెయ్యమన్నాను. ఈసారి తూము దగ్గరి చెట్లు నేర్పుదామనుకున్నాను గానీ, మీ బొమ్మలు చూశాక వాయిదా వేశాను. నీళ్లు బాగున్నాయి. 1213లో కాకతీయ రాజు గణపతిదేవుని కాలంలో కట్టిన కట్టను స్కేలు పెట్టి గీసినవాళ్లు ముగ్గురున్నారు, పోనీలెండి. కొండ సంగతే చెప్పాలి. సగానికిపైగా బొమ్మల్లో అది చెరువు దాటొచ్చి కట్టమీద కూర్చుంది. హనుమకొండ నుంచి ఒకావిడ బొమ్మ చూసి వాళ్లమ్మ "ఇదేందే, గోంగూర కుప్పనా?" అన్నదట. తప్పు నాదే. ఆకాశం ఆరాక కొండ వెయ్యమన్నాను, ఏ రంగో చెప్పలేదు.

కాగితం తడపడం, టేపు అంటించడం మళ్లీ చెప్పను.

గొడవంతా ట్యూబులోంచి నేరుగా పిండిన సాప్ గ్రీన్‌తోనే. కొండమీద చెట్లున్నాయి, చెట్లు పచ్చగా ఉంటాయి, కాబట్టి కొండ పచ్చ. ఈ లెక్క బుర్ర వేసింది, కంటినెవరూ అడగలేదు. మనకూ కొండకూ మధ్య బోలెడంత గాలి ఉంది. గాలి మిగతా రంగులకన్నా నీలాన్ని ఎక్కువగా చెదరగొడుతుంది. ఆ నీలం కొండకు అడ్డంగా పల్చటి తెరలా పడుతుంది. దూరం పెరిగేకొద్దీ నీడలు తేలిపోయి, పచ్చ కాస్తా నీలిబూడిద అవుతుంది. లియొనార్డో డావిన్సీ 500 ఏళ్ల కిందటే ఇది రాసిపెట్టాడు. మనమేమో ఫోన్‌లో ఫొటో పెట్టుకుని వేస్తాం, ఆ ఫోను పచ్చను ఇంకాస్త పచ్చగా చూపిస్తుంది. ఫొటో మూసెయ్యండి.

కొండకు అల్ట్రామెరైన్ (ముదురు నీలం) మూడు వంతులు, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు) ఒక వంతు, నీళ్లు ధారాళంగా. ఆరితే పాలిపోతుంది కాబట్టి తడిమీద కొంచెం ముదురుగానే ఉండాలి. కొండ అడుగు నీటికి తగిలేచోట ఒట్టి తడి కుంచెతో ఒక్కసారి లాగండి, చాలు. నల్లరంగు ట్యూబు నా డబ్బాలో లేదు. మీ దాంట్లో ఉంటే పిల్లలకిచ్చెయ్యండి.

నర్సంపేట నుంచి ఒకాయన పోట్లాటకు దిగారు: "మేం పోయినప్పుడు కొండ ముదురుగానే ఉంది సార్." ఎప్పుడు పోయారంటే, ముసురు విడిచిన మర్నాడట. ఆయనది రైటే. వాన దుమ్మును కడిగేస్తే కొండ దగ్గరికి జరిగినట్టుంటుంది. చలికాలం పొద్దున్నే చూస్తే ఉందా లేదా అన్నట్టుంటుంది. కొండ రంగు చూస్తే ఏ కాలంలో పోయారో చెప్పొచ్చు.

ఇది నాకు మా అమ్మ నేర్పింది. చిన్నప్పుడు మా బాపు (నాన్న) మమ్మల్ని పాకాల తీసుకుపోయాడు. నాకు యాదున్నదల్లా స్టీలు క్యారియర్‌లో పులిహోర. పోయినేడు ఆ కొండను లేతగా వేసి చూపిస్తే, అమ్మ కళ్లద్దాలు సర్దుకుని "ఇట్ల లేకుండె. ఆ దినం మత్తడి దుంకుతుండె. నీ చెప్పు గాడనే కొట్టుకపోయింది" అంది. చెప్పు సంగతే నాకు గుర్తులేదు. మత్తడి దుంకిందంటే చెరువు నిండి పొర్లుతున్నట్టు, అంటే వానాకాలం. లేత కొండమీద ఇంకో పూత వేశాను. "ఇగో, గిప్పుడైంది. బస్సు దాక బాపు నిన్ను ఎత్తుకునే నడిచిండు."

ఈ వారం చెట్టు ముట్టుకోవద్దు. ఏ4 కాగితాన్ని పన్నెండు గళ్లు చేసి, ఒకే కొండను పన్నెండు నెలలకు పన్నెండుసార్లు వెయ్యండి, ఆ రెండు రంగులతోనే. మార్చికి టేకు ఆకు రాలి ఉంటుంది కాబట్టి అక్కడ సియెన్నా పెంచండి. అన్నీ ఆరాక మీతో వచ్చినవాళ్లకు చూపించి, మనం పోయిన రోజు ఏదో వేలు పెట్టమనండి. మీరు ముందే నోరు జారొద్దు. ఇద్దరు రెండు గళ్లు చూపిస్తే రెండింటికీ గుర్తు పెట్టి, వాళ్లు ఏమన్నారో పక్కన రాసి పంపండి. చెట్లు 8వ పాఠంలో.