బంకర్ స్ప్రెకిల్స్ స్మృతికి సగం సైజు సర్ఫ్‌బోర్డు: అంచు దగ్గరే అసలు పని

సర్ఫర్ (సముద్రపు అలల మీద బోర్డుపై నిలబడి జారే ఆటగాడు) బంకర్ స్ప్రెకిల్స్ పేరెత్తితే డబ్బు సంగతే ముందుకొస్తుంది. అమెరికా చక్కెర వ్యాపారి క్లాస్ స్ప్రెకిల్స్‌కు మునిమనవడు. తల్లి కే విలియమ్స్ 1955లో నటుడు క్లార్క్ గేబుల్‌ను పెళ్లాడింది. 1949లో పుట్టిన బంకర్ 27 ఏళ్లకే, 1977లో హవాయిలో పోయాడు. ఆస్తి చేతికొచ్చాక అతని విలాసాలు, వేషాలు అందరికీ గుర్తున్నాయి. సర్ఫింగ్ తెలిసినవాళ్లు అతన్ని తలుచుకునేది మాత్రం 1960ల చివర్లో హవాయి అలల మీద అతను నడిపిచూసిన పొట్టి బోర్డుల కోసం, వాటి అంచుల కోసం. విజయవాడలోనో గుంటూరులోనో ఏ కాలేజీ హాల్లోనైనా అతని జ్ఞాపకంగా ఒక బల్ల వేయాలనుకుంటే, ఆ అంచును జనం చేత్తో తడిమి చూసేలా ఒక నమూనా పెట్టండి. ఇది అతని ఫలానా బోర్డుకు నకలు కాదు, ఆ కాలపు సింగిల్ ఫిన్ (అడుగున తోక దగ్గర ఒకే రెక్క ఉండే) పద్ధతిలో చేసినది. పక్కన పెట్టే కార్డు మీద కూడా అలాగే రాయాలి.

కొలతలు: పొడవు 36 అంగుళాలు, మధ్యలో వెడల్పు 10, మందం ఒకటిన్నర. ముక్కు చివర నుంచి 6 అంగుళాల దగ్గర వెడల్పు ఏడున్నర, తోక నుంచి 6 అంగుళాల దగ్గర 7. ముక్కు 2 అంగుళాలు, తోక ముప్పావు అంగుళం పైకి లేవాలి. ఆ వంపు కోసమే 3 అంగుళాల మందమున్న గట్టి థర్మోకోల్ దిమ్మ కావాలి. ప్యాకింగ్‌కు వాడే మెత్తటిది గింజలు గింజలుగా ఊడిపోతుంది, దాని జోలికి వెళ్లకండి.

ముందు పక్కవంపును ప్లైవుడ్ ముక్కల మీద గీసి కోసి, దిమ్మకు రెండు పక్కలా బిగించి, వేడి తీగతో కోయండి. పొగ వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయాలి. తర్వాత పైరూపం. అట్ట మీద సగం బోర్డు మాత్రమే గీసి, మధ్యగీతకు ఆనించి ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి గీస్తే రెండు వైపులూ సమానంగా వస్తాయి.

ఇక అంచు, అంటే రైల్. అంతకుముందు బోర్డులకు అంచు కోడిగుడ్డు పక్కలా పైనా కిందా ఒకేలా గుండ్రంగా ఉండేది. నీరు ఆ గుండ్రానికి అంటుకుని పైకి పాకి బోర్డును పట్టి ఉంచుతుంది. డౌన్ రైల్‌లో అంచు బాగా కిందికి దిగి, అడుగుభాగాన్ని పదునైన గీతగా కలుస్తుంది. నీరు అక్కడే తెగి విడిపోతుంది, బోర్డు వేగం అందుకుంటుంది. కాబట్టి అడుగు నుంచి మందంలో నాలుగో వంతు ఎత్తున చుట్టూ గీత గీయండి. ఆ గీత నుంచి పైకి ముందు 45 డిగ్రీల వాలు, దాని మీద మరింత పల్లంగా ఇంకో వాలు తీసి, రెండింటినీ 120 నంబరు ఎమిరీ పేపర్‌తో కలపండి. పేపర్‌ను చెక్కముక్కకు చుట్టి రుద్దాలి. వేళ్లతో రుద్దితే గాడులు పడతాయి. గీత కింద తోకవైపు మూడో వంతు పదును ఉంచి, ముక్కు వైపు వెళ్లేకొద్దీ కొంచెం కొంచెంగా గుండ్రం చేయండి.

ఎక్కువమంది పాడుచేసుకునేది రెజిన్ (ఫైబర్ క్లాత్‌ను బోర్డుకు అంటించి గట్టిపడే ద్రవం) దగ్గరే. ఆటోనగర్‌లో ఫైబర్ పనికి సాధారణంగా దొరికేది పాలిస్టర్ రెజిన్. దాన్ని థర్మోకోల్ మీద పోస్తే అందులోని స్టైరీన్ థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. స్ప్రే పెయింటు కూడా అంతే. కచ్చితంగా ఎపాక్సీ రెజిన్ అడిగి తీసుకోండి. పాలిస్టరే వాడాలనుకుంటే దిమ్మ పాలియూరెథేన్ ఫోమ్‌ది కావాలి. అప్పుడు కూడా కేటలిస్టును (రెజిన్‌ను గట్టిపరిచేది), కోబాల్టు యాక్సిలరేటర్‌ను (ఆ పనిని వేగం చేసేది) నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకూడదు, పేలిపోతుంది. ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది.

ఒక్కో వైపుకు 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల) ఫైబర్ క్లాత్ ఒక పొర, సుమారు 80 గ్రాముల ఎపాక్సీ చాలు. హార్డెనర్ (ఎపాక్సీని గట్టిపరిచేది) పాళ్లు డబ్బా మీద రాసినంతే, త్రాసులో తూచి పోయాలి. ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందనుకోవడం పొరపాటు, ఎప్పటికీ జిగటగానే మిగులుతుంది. మూడు నిమిషాలు గిన్నె అంచులు గీకుతూ కలిపి వెంటనే వెడల్పాటి పళ్లెంలో పోయండి. లోతు గ్లాసులో వదిలేస్తే తన వేడికి తానే పొగలు కక్కుతుంది, మన ఎండల్లో మరీ తొందరగా. పని సాయంత్రం, వేడి తగ్గుతున్నప్పుడు మొదలుపెట్టండి. పొద్దున చేస్తే ఎండ పెరిగేకొద్దీ ఫోమ్‌లోని గాలి వ్యాకోచించి బుడగలుగా పైకి వస్తుంది. వానాకాలంలో ఆరిన పొర మీద జిడ్డు తేలితే నీళ్లతో రుద్ది కడిగి, ఆరబెట్టి, గరుకు చేశాకే రెండో పూత. చేతికి నైట్రైల్ గ్లోవ్స్, రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి.

పదునైన మూల మీద క్లాత్ వంగదు, లేచిపోయి కింద గాలి చేరుతుంది. అందుకే ఫోమ్ మూలను 3 మిల్లీమీటర్లంత గుండ్రం చేసి క్లాత్ చుట్టండి. ఆరాక తోకవైపు అంచు వెంట మాస్కింగ్ టేపును చిన్న గోడలా నిలబెట్టి, లోపల రెజిన్ నింపి, గట్టిపడ్డాక చెక్కతో రుద్ది పదును తేవాలి. బోర్డు మొత్తంలో ఓపిక ఎక్కువ పెట్టాల్సింది ఇక్కడే.

ఫిన్ 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో, నాలుగున్నర అంగుళాల ఎత్తు. దాని వెనక అంచు తోకకు 3 అంగుళాల దూరంలో, సరిగ్గా మధ్యగీత మీద ఉండాలి. మూలమట్టం ఆనించి నిటారుగా నిలిపి, టేపుతో కట్టి, అడుగున క్లాత్ పట్టీలు అతికించండి.

పక్కన కార్డులో వంద మాటలు చాలు. పుట్టిన, పోయిన ఏళ్లు, అంచు చేసే పని, ఆ తర్వాత సంపద. చివరి ఏళ్లలో మత్తుపదార్థాలు అతన్ని దెబ్బతీసిన సంగతి దాచకండి, దానికి మెరుగులూ దిద్దకండి. అతని ప్రసిద్ధ ఫొటోలు చాలావరకు ఆర్ట్ బ్రూవర్ తీసినవి. అనుమతి లేకుండా నెట్‌లోంచి దించి వేయకండి. అనుమతి దొరికితే ఏ3 సైజుకు కనీసం 2339 × 3307 పిక్సెళ్ల ఫైలు అడగండి.

బోర్డును గోడకు వేలాడదీస్తే అంచు కనబడదు. అడుగు పైకి ఉండేలా, నడుము ఎత్తు స్టాండు మీద పెట్టి, పక్కనుంచి ఒక దీపం వేయండి. హాలుకు తీసుకెళ్లేటప్పుడు అద్దాలు మూసిన కారులో ఎండలో వదలొద్దు, థర్మోకోల్ నుంచి ఫైబర్ పొర ఉబ్బి లేస్తుంది.